హిందీ బందిపోటు చిత్రాలు

పల్లెలో పుట్టి, అన్యాయం వల్లనో పగ వల్లనో ఊరు విడిచి, తుపాకి పట్టి కొండకోనల్లో తలదాచుకునే మనిషి చుట్టూ నడిచే హిందీ పోరాట చిత్రాలను బందిపోటు చిత్రాలు అంటారు. హిందీ వాడుకలో ఇవి డాకూ ఫిల్ములు. బందిపోటు వీటిలో కొన్నిచోట్ల కథానాయకుడు, కొన్నిచోట్ల ప్రతినాయకుడు. 1950ల చివర ఈ కోవకు ఒక రూపం వచ్చింది. 1960 నుంచి 1975 వరకు అది పతాకస్థాయిలో ఉంది. 1990ల తరువాత ఇలాంటి చిత్రాలు అరుదయ్యాయి, వచ్చినవి మాత్రం ఎక్కువగా నిజజీవితాలను ఆధారం చేసుకున్నాయి.

నిర్వచనం, పరిధి

భారత శిక్షాస్మృతి 391వ సెక్షను ప్రకారం ఐదుగురు లేక అంతకన్నా ఎక్కువమంది కలిసి దోపిడీకి పాల్పడితే అది బందిపోటుతనం అయ్యేది. 2024 జూలైలో దాని స్థానంలో అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 310వ సెక్షనులోనూ ఈ లెక్కే ఉంది. సినిమా ఈ లెక్కను పట్టించుకోదు. అక్కడ బందిపోటును గుర్తుపట్టేది ముఠా సంఖ్యను బట్టి కాదు, అతడికి ఊరితో ఉన్న తగాదాను బట్టి. చంబల్ ప్రాంతంలో ముఠాల వాళ్లు తమను బాగీలని, అంటే తిరగబడ్డవాళ్లమని చెప్పుకునేవారు. డాకూ అన్నది పోలీసులు, పత్రికలు వాడిన మాట.

నగరంలోని దొంగరవాణా ముఠాల కథలు, రాజుల కాలపు జానపద చిత్రాలు, ముసుగువీరుల చిత్రాలు ఈ కోవలోకి రావు. హోమీ వాడియా దర్శకత్వంలో నాడియా నటించిన హంటర్‌వాలీ (1935) వంటి ముసుగువీరుల కథలు దీనికి దూరపు పూర్వికులు మాత్రమే.

చారిత్రక నేపథ్యం: చంబల్ లోయ

మధ్యప్రదేశ్‌లోని భిండ్, మొరేనా జిల్లాలు, ఉత్తరప్రదేశ్‌లోని ఆగ్రా, ఇటావా జిల్లాలు, రాజస్థాన్‌లోని ధోల్‌పూర్ కలిసే చోట చంబల్ నది ఒండ్రుమట్టి నేలను కోసుకుంటూ ప్రవహిస్తుంది. వానలకు కోసుకుపోయిన ఈ లోతైన గండ్లను స్థానికులు బీహడ్ అంటారు. దారి తెలిసినవాడికి ఇవి దాగుడుచోటు, తెలియనివాడికి చిక్కుముడి. నేరం చేసినవాడు రాష్ట్రం సరిహద్దు దాటితే మరో పోలీసు యంత్రాంగం పరిధిలోకి వెళ్లిపోయేవాడు. భూమి తగాదాలు, కులాల మధ్య పగలు, లైసెన్సు తుపాకిని పరువుకు గుర్తుగా చూసే అలవాటు ఈ నేలమీద ముఠాలను పెంచాయి.

బ్రిటిషు ప్రభుత్వం 1830లలో విలియం స్లీమన్ ఆధ్వర్యాన ఠగ్గులను, బందిపోట్లను అణచడానికి ప్రత్యేక విభాగం నడిపింది. 1871 నేర తెగల చట్టం కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేసింది. ఉత్తర భారతంలో సుల్తానా డాకూను 1924లో ఉరితీసిన తరువాత అతని కథ నౌటంకీ అనే జానపద నాటక వేదిక ఎక్కి ఊరూరా తిరిగింది. పెద్దలను దోచి పేదలకు పంచే బందిపోటు బొమ్మ సినిమాకు ముందే జనం నోట ఉందనడానికి ఇదొక ఆధారం. చరిత్రకారుడు ఎరిక్ హాబ్స్‌బామ్ 1959, 1969 నాటి తన రెండు పుస్తకాల్లో ఇలాంటివాళ్లను సామాజిక బందిపోట్లుగా వర్ణించాడు. జనం చెప్పుకునే కథను ఆయన నిజమని తీసుకున్నాడని, బందిపోటు తరచు భూస్వాములకే అండగా నిలిచేవాడని తరువాతి చరిత్రకారులు వాదించారు. చంబల్‌లో ఆ రెంటికీ సాక్ష్యం దొరుకుతుంది.

స్వాతంత్ర్యం తరువాత చంబల్‌లో మోగిన పేర్లలో ఆగ్రా జిల్లా ఖేడా రాఠోడ్‌కు చెందిన మాన్ సింగ్ (1955లో హతుడు), పుత్లీబాయి (1958లో హతురాలు) ముఖ్యులు. 1960లో వినోబా భావే ఎదుట ఇరవైమంది దాకా లొంగిపోయారు. 1972 ఏప్రిల్‌లో మొరేనా జిల్లా జౌరాలో జయప్రకాశ్ నారాయణ్ సమక్షంలో మోహర్ సింగ్, మాధో సింగ్ ముఠాలతో సహా పెద్దయెత్తున లొంగుబాట్లు జరిగాయి. 1982లో మల్ఖాన్ సింగ్, 1983 ఫిబ్రవరిలో ఫూలన్ దేవి లొంగిపోయారు. ఈ తేదీలకూ సినిమాల తేదీలకూ దగ్గరి పొంతన ఉంది (చూ. చరిత్ర).

చరిత్ర

మదర్ ఇండియా, వడ్డీవ్యాపారి లెక్క

ఈ కోవకు పునాది వేసిన చిత్రం బందిపోటు చిత్రం కాదు. మెహబూబ్ ఖాన్ మదర్ ఇండియా (1957) ఒక తల్లి కథ. తన 1940 నాటి ఔరత్‌నే ఆయన రంగుల్లో మళ్లీ తీశాడు. వడ్డీవ్యాపారి సుఖీలాల (కన్హయ్యాలాల్) తప్పుడు లెక్కలతో పంటలో సింహభాగం లాక్కుంటాడు. చదువురాని తల్లి రాధ (నర్గీస్) ఆ లెక్కను ప్రశ్నించలేదు. చిన్న కొడుకు బిర్జూ (సునీల్ దత్) ఆ ఖాతాపుస్తకాన్నే శత్రువుగా ఎంచి బందిపోటు అవుతాడు. సుఖీలాలను చంపి, అతని కూతురిని ఎత్తుకుపోబోతాడు. ఊరి ఆడపిల్ల పరువు కోసం తల్లి అతన్ని కాల్చేస్తుంది. తరువాతి బందిపోటు చిత్రాల ముడిసరుకంతా ఇక్కడే ఉంది: భూమి, అప్పు, అవమానం, తుపాకి, చివరికి సొంతవాళ్ల చేతిలో చావు. విదేశీ భాషా చిత్రాల విభాగంలో ఆస్కార్ నామినేషను పొందిన తొలి భారతీయ చిత్రం ఇదే.

లొంగుబాటు కథలు

చంబల్ లొంగుబాట్లకు దారితీసిన వినోబా శాంతియాత్ర జరిగిన 1960లోనే రాజ్ కపూర్ నిర్మించిన జిస్ దేశ్ మే గంగా బెహతీ హై రూపుదిద్దుకుంది. ఛాయాగ్రాహకుడు రాధూ కర్మాకర్ దీనికి దర్శకుడు. అమాయకుడైన పాటగాడు బందిపోట్ల మధ్య చిక్కుకుని వాళ్ల మనసు మారుస్తాడు. రాకాగా ప్రాణ్, కమ్మోగా పద్మిని నటించారు. ముఠా మొత్తం కుటుంబాలతో సహా లొంగిపోయే ముగింపు ఆనాటి సర్వోదయ ఆలోచనకు వెండితెర రూపం. పాటల్లో బలంగానూ పోరాటాల్లో పలచగానూ ఉండే ఈ చిత్రం ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ చిత్రంగా ఎంపికైంది.

ముఝే జీనే దో (1963) అదే దారిలో మరింత కరకుగా నడిచింది. సునీల్ దత్ నిర్మాణంలో మోనీ భట్టాచార్జీ దీన్ని తీశాడు. పోలీసుల రక్షణలో చంబల్ గండ్లలోనే చిత్రీకరించారు. బందిపోటు జర్నైల్ సింగ్ (సునీల్ దత్) నాట్యగత్తె చమేలీ (వహీదా రెహమాన్)ని ఎత్తుకొచ్చి పెళ్లాడతాడు. బిడ్డ పుట్టాక, డాకూ కొడుకుకు ఏ ఊరూ చోటివ్వదన్న నిజం ఎదురవుతుంది. ఈ చిత్రానికి సునీల్ దత్ ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ నటుడు పురస్కారం అందుకున్నాడు. 1964 కాన్ చిత్రోత్సవంలో ఇది పోటీకి వెళ్లింది.

గంగా జమునా (1961)

పల్లె బందిపోటును నాయకుడిగా నిలిపిన చిత్రాల్లో అన్నిటికన్నా ప్రభావం చూపినది గంగా జమునా. దిలీప్ కుమార్ తానే కథ సమకూర్చి, నిర్మించి, గంగా పాత్ర వేశాడు. దర్శకుడు నితిన్ బోస్. తమ్ముడు జమునాగా దిలీప్ సొంత తమ్ముడు నాసిర్ ఖాన్, ధన్నోగా వైజయంతిమాల నటించారు. వజాహత్ మీర్జా సంభాషణలు, షకీల్ బదాయునీ పాటలు, నౌషాద్ సంగీతం.

కథ సూటిగా ఉంటుంది. తల్లి పోయాక గంగా కూలిపని చేస్తూ తమ్ముణ్ని పట్నంలో చదివిస్తాడు. జమీందారు బారి నుంచి ధన్నోను కాపాడినందుకు అతని మీద దొంగతనం మోపి జైలుకు పంపుతారు. బయటికి వచ్చినవాడికి ఊళ్లో చోటు లేదు. అడవిలో ముఠాతో కలుస్తాడు. అన్న డబ్బుతో చదివిన తమ్ముడు పోలీసు అధికారై వస్తాడు. ధన్నో కాల్పుల్లో చనిపోతుంది. ఆఖరికి అన్న తమ్ముడి గుండుకే కూలిపోతాడు.

ఈ చిత్రం కొత్తదనం భాషలో ఉంది. అంతవరకు హిందీ నాయకుడు పల్లెటూరివాడైనా ఉర్దూ కలిసిన పట్నపు హిందీలోనే మాట్లాడేవాడు. గంగా, ధన్నో మొదటినుంచి చివరిదాకా తూర్పు ఉత్తరప్రదేశ్ పల్లెయాసలో మాట్లాడతారు, చదువుకున్న జమునా శుద్ధమైన హిందీ మాట్లాడతాడు. అన్నదమ్ముల మధ్య దూరం ఏ సంభాషణా చెప్పకముందే వాళ్ల యాసలో తెలిసిపోతుంది. చెన్నై నుంచి వచ్చిన వైజయంతిమాల ఆ యాసను పట్టుకున్న తీరుకు విమర్శకుల మెప్పుతోబాటు ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ నటి పురస్కారమూ దక్కింది. నేరాన్ని గొప్పగా చూపుతోందంటూ సెన్సారు అభ్యంతరాలతో విడుదల ఆలస్యమైంది. ప్రధాని నెహ్రూ దాకా విషయం వెళ్లాకే దారి సుగమమైందని దిలీప్ కుమార్ తన ఆత్మకథలో రాశాడు.

తమిళంలో ఇది శివాజీ గణేశన్‌తో ఇరు దురువం (1971)గా వచ్చింది. సలీం–జావేద్ రాసిన దీవార్ (1975)లో నేరస్థుడైన అన్న, పోలీసైన తమ్ముడు అన్న చట్రం గంగా జమునా నుంచే వచ్చింది. ఆ మార్పుతో తిరగబడ్డ మనిషి అడవి వదిలి బొంబాయి రేవుకు చేరాడు.

ఊరి శత్రువుగా బందిపోటు

1970ల మొదట్లో తూకం మారింది. రాజ్ ఖోస్లా మేరా గావ్ మేరా దేశ్ (1971)లో బందిపోటు జబ్బర్ సింగ్ (వినోద్ ఖన్నా) ఎందుకు అలా అయ్యాడో కథ చెప్పదు. అతడు ఊరికి పీడ, అంతే. జైలు నుంచి వచ్చిన చిల్లరదొంగ (ధర్మేంద్ర) ఊరికి రక్షకుడవుతాడు. ఇటాలియన్ వెస్టర్న్ చిత్రాల ప్రభావం కూడా ఈ దశలోనే బలపడింది. నరేంద్ర బేదీ ఖోటే సిక్కే (1974) ఆ బాటలోదే.

రమేశ్ సిప్పీ షోలే (1975 ఆగస్టు 15) ఈ దశకు శిఖరం. కథ రాసిన సలీం–జావేద్ కురొసావా సెవెన్ సమురాయ్‌ని, ఆ చట్రంలో వచ్చిన హాలీవుడ్ చిత్రాలను, మేరా గావ్ మేరా దేశ్‌ను కలిపి కొత్త కథ అల్లారు. బెంగళూరు దగ్గరి రామనగర రాతిగుట్టలే రామ్‌గఢ్ ఊరు. 70 మిల్లీమీటర్ల తెర, స్టీరియో ధ్వని, బ్రిటన్ నుంచి వచ్చిన పోరాట నిపుణులు దానికి హంగులు. గబ్బర్ సింగ్ పాత్రకు ముందు డానీ డెంజోంగ్పాను అనుకున్నారు, తరువాత అది అంజద్ ఖాన్‌కు వచ్చింది. చంబల్ ముఠాల మీద తరుణ్ కుమార్ భాదురీ రాసిన అభిశప్త చంబల్ పుస్తకం చదివి అంజద్ పాత్రకు సిద్ధమయ్యాడు. 1950లలో భిండ్ ప్రాంతంలో గబ్బర్ సింగ్ అనే బందిపోటు నిజంగా ఉండేవాడు, ముక్కులు కోస్తాడని అతనికి పేరు. సినిమా గబ్బర్‌కు కులం, భూమి, గతం ఏదీ లేవు. బందిపోటును అతని కారణం నుంచి పూర్తిగా విడదీసిన చిత్రం షోలే. జనం ఎక్కువగా గుర్తుపెట్టుకున్న బందిపోటు కూడా గబ్బరే కావడం ఈ కోవ చరిత్రలో ఒక విచిత్రం. ముంబయి మినర్వా థియేటరులో చిత్రం ఐదేళ్లకు పైగా ఆడింది. గబ్బర్ మాటల గ్రామఫోను రికార్డులు పాటల రికార్డులకు దీటుగా అమ్ముడుపోయాయి.

షోలే తరువాత

షోలే విజయం తరువాత డాకూ వేషాలు వెల్లువెత్తాయి. వాటిలో చెప్పుకోదగ్గవి కొద్దే. హీరా (1973) తీసిన సుల్తాన్ అహ్మద్ గంగా కీ సౌగంధ్ (1978), ధరమ్ కాంటా (1982) వరకు ఈ రకాన్నే నమ్ముకున్నాడు. లొంగిపోయి శిక్ష అనుభవించిన మోహర్ సింగ్ చంబల్ కే డాకూ (1982)లో తానే నటించాడు.

జె.పి. దత్తా గులామీ (1985) కారణాన్ని మళ్లీ ముందుకు తెచ్చింది. రాజస్థాన్ ఎడారిలో ఠాకూర్ల కుల అహంకారం, అప్పుపత్రాలు, రైతుకొడుకు తిరుగుబాటు దాని వస్తువు. అప్పుపత్రాలను తగలబెట్టాలన్న నాయకుడి (ధర్మేంద్ర) పట్టు మదర్ ఇండియా ఖాతాపుస్తకాన్ని తలపిస్తుంది. రాహుల్ రవైల్ డకైత్ (1987)లో చదువుకుని ఊరికి తిరిగొచ్చిన యువకుడు (సన్నీ డియోల్) పోలీసు–భూస్వామి కూటమి వల్ల బీహడ్ బాట పడతాడు.

స్త్రీ బందిపోట్లు

పుత్లీబాయి (1972) మొదలు ఆడ బందిపోట్ల చిత్రాలు విడిపాయగా సాగాయి. 1981 ఫిబ్రవరి 14న బెహ్మయీ గ్రామంలో ఇరవైమంది హత్యకు గురయ్యాక ఫూలన్ దేవి పేరు దేశమంతా మారుమోగింది, నిర్మాతలు ఆ పేరును వాడుకున్నారు. ఎక్కువ చిత్రాల్లో వరస ఒకటే: అత్యాచారం, ప్రతీకారం, చావు. జీనత్ అమాన్ డాకూ హసీనా (1987), శ్రీదేవి షేర్నీ (1988) ఆ మూసలోవి.

శేఖర్ కపూర్ బాండిట్ క్వీన్ (1994) ఆ మూసను బద్దలు కొట్టింది. మాలా సేన్ రాసిన ఫూలన్ జీవితచరిత్ర దీనికి ఆధారం, బ్రిటన్ చానల్ ఫోర్ నిర్మాణం. సీమా బిస్వాస్ ఫూలన్‌గా నటించింది, అశోక్ మెహతా ఛాయాగ్రహణం, నుస్రత్ ఫతే అలీ ఖాన్ సంగీతం సమకూర్చారు. ముఖ్యమైన తేడా ఏమంటే ఇక్కడ బందిపోటు ముఠాలోనే కులం ఉంది. మల్లా కులపు అమ్మాయికి ఠాకూర్ బందిపోట్ల మధ్య జరిగినది తెరమీద దాపరికం లేకుండా కనిపిస్తుంది. ఉత్తమ హిందీ చిత్రం, ఉత్తమ నటి జాతీయ పురస్కారాలు దీనికి వచ్చాయి. బతికున్న స్త్రీ అనుమతి లేకుండా ఆమె మీద జరిగిన అత్యాచారాన్ని తెరకెక్కించే హక్కు ఎవరిచ్చారని రచయిత్రి అరుంధతీ రాయ్ నిలదీసింది. ఫూలన్ స్వయంగా ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి, చానల్ ఫోర్‌తో రాజీ కుదిరాక విరమించుకుంది. ఆమె 1996లో మీర్జాపూర్ నుంచి లోక్‌సభకు ఎన్నికై, 2001 జూలై 25న ఢిల్లీలో హత్యకు గురైంది.

జీవితకథల దశ

తిగ్మాంశు ధూలియా పాన్ సింగ్ తోమర్ మొరేనా జిల్లాకు చెందిన సైనికుడి నిజకథ. అతడు స్టీపుల్‌ఛేజ్ పరుగులో జాతీయ విజేత, 1958 టోక్యో ఆసియా క్రీడల్లో దేశం తరఫున పరుగెత్తాడు. పింఛనుతో ఊరికి వచ్చాక దాయాదులతో భూమి తగాదా ముదిరి బీహడ్‌కు చేరి, 1981లో పోలీసుల కాల్పుల్లో మరణించాడు. 2010లో లండన్ చిత్రోత్సవంలో చూపిన ఈ చిత్రం దేశంలో 2012 మార్చిలో గాని విడుదల కాలేదు. ఉత్తమ చిత్రం, ఉత్తమ నటుడు (ఇర్ఫాన్ ఖాన్) జాతీయ పురస్కారాలు గెలుచుకుంది. కలెక్టరు దగ్గరికి, ఠాణాకు తిరిగి తిరిగి అలసిన మనిషి తుపాకి పట్టే క్రమాన్ని ఆవేశం లేకుండా చెప్పడం దీని ప్రత్యేకత.

అభిషేక్ చౌబే సోన్‌చిరియా (2019) 1975 నాటి చంబల్‌లో నడుస్తుంది. బుందేలీ యాసలోని ఈ చిత్రంలో ఎండకు మాడిన, ఆహారం లేని, పాపభీతితో కుంగిన ముఠా కనిపిస్తుంది. కరణ్ మల్హోత్రా షంషేరా (2022) మాత్రం 19వ శతాబ్దపు కల్పిత నగరంలో గ్రాఫిక్స్ హంగులతో పాత వీరగాథకు వెళ్లింది, ప్రేక్షకులు ఆదరించలేదు.

కథన రీతులు, సంకేతాలు

బందిపోటు చిత్రాల్లో కొన్ని దృశ్యాలు స్థిరపడిపోయాయి: కాళీ లేక భవానీ గుడిలో ప్రమాణం, నుదుట ఎర్రటి తిలకం, భుజం మీదుగా తూటాల పట్టీ, ముఠా మధ్య నాట్యం, ఊరి సంతమీద గుర్రాల దాడి. వీటిలో గుర్రం వెస్టర్న్ చిత్రాల నుంచి అరువు తెచ్చుకున్నది. గండ్లలో గుర్రం దాచడం కష్టం. చంబల్ ముఠాలు కాలినడకనే తిరిగేవి, తరచు పోలీసుల్లా ఖాకీ వేసుకునేవి. పాన్ సింగ్ తోమర్, సోన్‌చిరియా ఈ నడకను చూపాయి.

ముఠాల ఆదాయంలో పెద్దభాగం పకడ్, అంటే మనిషిని ఎత్తుకుపోయి డబ్బు గుంజడం. ముఖ్‌బిర్, అంటే పోలీసులకు కబురందించేవాడు, ముఠాకు పోలీసు కన్నా పెద్ద భయం. పాత చిత్రాలు మొదటిదాన్ని దాటవేసి రెండోదాన్ని వాడుకున్నాయి. నాయకుడు పేదవాణ్ని ఎత్తుకుపోయి డబ్బు అడిగితే సానుభూతి నిలవదు కదా.

సెన్సారు, న్యాయస్థానాలు

నేరాన్ని ఆకర్షణీయంగా చూపరాదన్న సెన్సారు నియమం ఈ చిత్రాల ముగింపులను చాలావరకు నిర్ణయించింది. బందిపోటు నాయకుడు లొంగిపోవాలి, లేదా చనిపోవాలి. అతన్ని చంపే చెయ్యి తల్లిదో తమ్ముడిదో అయితే చట్టమూ గెలుస్తుంది, ప్రేక్షకుడి సానుభూతీ చెడదు. ఎదుటివైపు న్యాయం చేసేవాడికీ ఇదే కట్టడి. షోలేలో మాజీ పోలీసు అధికారి ఠాకూర్ మేకులు దిగేసిన చెప్పులతో గబ్బర్‌ను తొక్కి చంపే ముగింపును ఎమర్జెన్సీ కాలపు సెన్సారు ఒప్పుకోలేదు. మాజీ పోలీసు అధికారి చట్టాన్ని చేతిలోకి తీసుకోరాదని పోలీసుల రాకతో మార్పించింది. మొదటి ముగింపుతో పునరుద్ధరించిన ప్రతిని 2025 జూన్‌లో ఇటలీలోని బొలోన్యాలో ప్రదర్శించారు.

బాండిట్ క్వీన్ మీద వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరింది. చిత్రం తన గుజ్జర్ సమాజాన్ని కించపరుస్తోందని, స్త్రీని నగ్నంగా చూపిందని ఒక పిటిషనరు వాదించాడు. 1996లో కోర్టు ఆ వాదన తోసిపుచ్చింది. ఆ దృశ్యాలు కామాన్ని రేపడానికి కాక, బాధితురాలి పట్ల సానుభూతిని, దుర్మార్గుల పట్ల ఏహ్యతను కలిగించడానికి ఉద్దేశించినవని చెప్పింది. ఒక దృశ్యాన్ని విడిగా కాక చిత్రం మొత్తంలో భాగంగా చూడాలన్న సూత్రానికి ఈ తీర్పును తరువాత తరచు ఉదహరించారు.

తెలుగు సినిమాతో సంబంధం

మదర్ ఇండియాను తాపీ చాణక్య తెలుగులో బంగారు తల్లి (1971)గా తీశాడు. జమున తల్లి పాత్రలో, శోభన్‌బాబు, కృష్ణంరాజు ఆమె కొడుకులుగా నటించారు. ముఝే జీనే దో కథానాయిక వహీదా రెహమాన్ తెరమీద తొలిసారి మెరిసిన చిత్రాల్లో ఒకటి అదే చాణక్య తీసిన రోజులు మారాయి (1955). రామ్‌గోపాల్ వర్మ హిందీ చిత్రం జంగిల్ (2000) బందిపోటును చంబల్ నుంచి దట్టమైన అడవికి తరలించింది. వీరప్పన్ ఉదంతం దానికి ప్రేరణ.

తెలుగులో బందిపోటు అన్న పేరుకు వేరే సంప్రదాయం ఉంది. విఠలాచార్య బందిపోటు (1963) రాజుల కాలపు జానపదం. చిరంజీవి కొండవీటి దొంగ (1990) చదువుకున్న యువకుడు ముసుగువేసి పేదల పక్షాన నిలిచే కథ. రవితేజ టైగర్ నాగేశ్వరరావు (2023) 1970ల నాటి స్టువర్టుపురం దొంగ జీవితం ఆధారంగా వచ్చి హిందీలోనూ విడుదలైంది. స్టువర్టుపురం నేర తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాలను తెచ్చి స్థిరపరచిన ఊరు కాబట్టి, ఆ కథ మూలం పాన్ సింగ్ కథలోలా దాయాదుల భూమి తగాదాలో కాదు, ఒక జాతి మీద ప్రభుత్వం వేసిన ముద్రలో ఉంది.